యజమాని ఉండకూడని ఇల్లు

పళ్ళాయన అంటే ఆ వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు పళ్ళ బండి అతననుకునేవారు. ఒకసారి ఎవరో సంచీ పట్టుకుని ఆయన పనిచేసే గదిలోకే వచ్చేశారు. బల్ల మీద వరసగా ఆరబెట్టిన దవడలు చూసి, సంచీ మడిచి చంకలో పెట్టుకుని, వచ్చినదారినే వెళ్ళిపోయారు. ఆయన చేసేవి నోట్లో పెట్టుకునే పళ్ళు. డాక్టర్లు రోగి చిగుళ్ళ అచ్చు తీసి పంపిస్తే, దానికి సరిపడా పళ్ళు పేర్చి, గులాబీరంగు చిగుళ్ళు పోసి, అరగదీసి, మెరుగుపెట్టి పంపించేవాడు. వాటిని పెట్టుకునేవాళ్ళ ముఖాలు ఆయన చూసిందే లేదు.

భార్య లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేసేది. పిల్లలు కలగలేదు. ఆ సంగతి మాట్లాడుకోవడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు. ఒక మేడ మీద రెండు గదుల్లో అద్దెకుండేవారు. ఆ ఇంటివాళ్ళు గోడకి మేకు కొట్టనిచ్చేవారు కాదు. క్యాలెండరు కుర్చీకి ఆనించి పెట్టుకునేవారు. చుట్టాలొస్తే కుర్చీ ఖాళీ చేయడానికి క్యాలెండరు మంచం మీదికి పోయేది. మాసిన గోడకి సున్నం వేయించమంటే, ‘నచ్చకపోతే ఖాళీ చేయండి’ అనేవారు. సొంతిల్లు ఉండాలన్నది పళ్ళాయన కోరిక కంటే ఆయన భార్య కోరికే ఎక్కువ. ఆమె దాన్ని కోరికలా చెప్పేది కాదు. ఎవరింటికైనా వెళితే తలుపు గొళ్ళేలు, కిటికీ రెక్కలు పట్టి చూసేది, అంతే.

బ్యాంకుల చుట్టూ ఆయన కాళ్ళరిగేలా తిరిగాడు. అందరూ ఒకటే అడిగారు, జీతం స్లిప్పు. ఆయనకి జీతమెక్కడిది? డాక్టర్లు ఇచ్చినప్పుడు ఇస్తారు, లేనప్పుడు బాగున్నారా అని అడిగి పంపిస్తారు.

అలాంటి రోజుల్లో భార్య తమ్ముడు పనిగదికి వచ్చాడు. అతను లోన్లు ఇప్పించే ఏజెంటు. నవ్వుతూ వస్తాడు, నవ్వుతూ పోతాడు, కూర్చున్నంతసేపూ ఫోను మోగుతూనే ఉంటుంది. స్టూలు మీద పడ్డ, పళ్ళు అరగదీసిన పౌడరు దులిపి కూర్చుని అన్నాడు:

“బావా, నీ జీతం అడగని లోను ఒకటుంది.”

“మరేం అడుగుతారు?”

“ఇంటి జీతం.”

“ఇంటికి జీతమేంటిరా?”

“అద్దె. నువ్వెంత సంపాదిస్తున్నావో వాళ్ళకి అక్కర్లేదు. నువ్వు కొనే ఇల్లు ఎంత సంపాదిస్తోందో చూస్తారు. నెల వాయిదా వంద అయితే, ఆ ఇంటి అద్దెలు నూట పాతిక ఉండాలి. ఉంటే లోను వచ్చినట్టే. ఆ ఇల్లే తన బాకీ తాను తీర్చుకుంటుంది. నువ్వు మధ్యలో సంతకం పెట్టేవాడివి.”

పళ్ళాయన చేతిలోని దవడని అటూ ఇటూ తిప్పి చూశాడు. “మరి మేమెక్కడుంటాం?”

“ముందు ఇల్లు రానీ బావా,” అన్నాడు బావమరిది, మోగుతున్న ఫోను చెవికి పెట్టుకుంటూ.

ఇల్లు అతనే చూపించాడు. ఏటవాలు వీధిలో పాతకాలపు మేడ. కింద రెండు వాటాలు, పైన రెండు. నాలుగింటిలోనూ అద్దెకున్నారు. కింద వెనక వాటాలో ఒక రిటైరైన నర్సు ఒంటరిగా ఉండేది. ఆవిణ్ణి అందరూ నర్సమ్మ అనేవారు. వీళ్ళని లోపలికి రమ్మని, తాను మాత్రం గుమ్మం దగ్గరే కర్ర పట్టుకుని నిలబడింది.

ఆ వాటాలో వంటిల్లు పెద్దది. పొద్దుటి ఎండ కిటికీలోంచి పడి గట్టు మీద పరుచుకుంది. పళ్ళాయన భార్య ఆ ఎండలో అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది. బయట తమ్ముడు పిలుస్తున్నా పలకలేదు.

“కొంటున్నారా?” అంది నర్సమ్మ.

“చూస్తున్నామండీ.”

“కొనండి. నన్ను మాత్రం కదపకండి. ఈ వయసులో సామాన్లు సర్దుకోవడం నా వల్ల కాదు.”

“అయ్యో, మిమ్మల్నెందుకు కదుపుతాం,” అంది ఆమె. అంటూనే మళ్ళీ కిటికీ వైపు చూసింది. ఒక ఏడాది ఆగితే ఏదో ఒక వాటా ఖాళీ అవుతుంది, అప్పుడు చూసుకోవచ్చని ఆమె లెక్క.

ఆ లెక్క లోను ఆఫీసులోనే తప్పింది. ఆఫీసరు చిన్న వయసు అమ్మాయి, ఓపిక గలది. ప్రతి పేజీ తిప్పి అర్థం చెప్పి సంతకం తీసుకుంటోంది. ఒక పేజీ దగ్గర ఆగింది.

“ఇది జాగ్రత్తగా వినండి సార్. ఈ ఇంట్లో మీరు గానీ మీ కుటుంబం గానీ కాపురం ఉండకూడదు. నాలుగు వాటాలూ అద్దెకే ఇవ్వాలి.”

“ఎన్నాళ్ళు?” అని అడిగింది భార్య.

“లోను తీరేదాకా మేడమ్. మొదటి ఐదేళ్ళలో అమ్మినా, ముందే తీర్చేసినా జరిమానా ఉంటుంది. ఏడాదికోసారి మా మనిషి వచ్చి అద్దెలు చూసి వెళతాడు. వాయిదా వందకి అద్దెలు నూట పాతిక కంటే తగ్గితే వడ్డీ పెరుగుతుంది.”

“మా ఇంట్లో మేము ఉండకూడదా?”

“సొంతానికి కొనుక్కునేవాళ్ళకి వేరే లోను ఉందండీ. దానికి జీతం చూస్తారు.” ఆ అమ్మాయి కొంచెం ఇబ్బందిగా నవ్వింది. “మీరు కొంటున్నది ఇల్లు కాదు మేడమ్. అద్దెలు. అలా అనుకోండి.”

పళ్ళాయన భార్య వైపు చూశాడు. బయానా ఇచ్చేశారు. వెనక్కి తగ్గితే అది పోతుంది. అందులో ఆమె ఇస్త్రీ చేసిన ఏళ్ళన్నీ ఉన్నాయి. పక్కన కూర్చున్న తమ్ముడు, “అక్కా, ఎవరు చూస్తారులే, నాలుగేళ్ళు పోతే అన్నీ సర్దుకుంటాయి,” అన్నాడు చిన్నగా. ఆఫీసరు వినలేదో, విననట్టు ఊరుకుందో తెలియదు. భార్య తల ఊపింది. ఆయన సంతకం పెట్టాడు.

మొదట్లో బావమరిది చెప్పినట్టే జరిగింది. నాలుగు వాటాల అద్దెలు వచ్చేవి, వాయిదా వెళ్ళిపోయేది, కాస్త మిగిలేది. పళ్ళాయన ఆదివారం సాయంత్రాలు ఆ వీధి మీదుగా నడిచి వెళ్ళి, ఎదుటి అరుగు మీద కాసేపు కూర్చుని, ఇంటి వైపు చూసి వచ్చేవాడు. లోపలికి వెళ్ళడానికి పని ఉండాలి కదా.

పని త్వరలోనే దొరికింది. నీళ్ళ మోటారు కాలిపోయింది. అది బాగయ్యేసరికి పై వాటా స్నానాలగదిలోంచి కింది గదిలోకి నీళ్ళు దిగాయి. మిగిలేదనుకున్న కాస్తా పైపుల్లోనే పోయింది. ఫోను మోగితే డాక్టరేమోనని కాదు, ఏ వాటా వాళ్ళోనని ఆయన ముందుగా నంబరు చూసుకునేవాడు.

ఆ ఏడు చివర్లో పైన ముందు వాటాలో ఉన్న చంటిబిడ్డ తల్లిదండ్రులు వచ్చారు. తండ్రి కుర్రాడు, అతని ఉద్యోగం పోయింది. “మళ్ళీ కుదురుకునేదాకా కొంచెం తగ్గించండి అంకుల్. ఖాళీ చేయమంటే ఈ పసిగుడ్డుతో ఎక్కడికి పోతాం,” అన్నాడు. వాళ్ళు మంచివాళ్ళు. నెల మొదటి రోజునే అద్దె ఇచ్చేవాళ్ళు. తగ్గిద్దామన్న మాట పళ్ళాయన నోటిదాకా వచ్చింది. తగ్గిస్తే ఒప్పందంలో ఆ అంకె తగ్గుతుంది, తనిఖీలో అది బయటపడుతుంది, నూట పాతిక నూట పదో ఏదో అవుతుంది, వడ్డీ పెరుగుతుంది, పెరిగిన వడ్డీకి ఉన్న అద్దెలు చాలవు. ఇదంతా ఆ కుర్రాడికి చెప్పబోయాడు. చెబుతుంటే తన చెవికే సాకులా వినిపించింది.

“నా చేతుల్లో లేదు బాబూ,” అన్నాడు చివరికి.

“ఇల్లు మీదే కదా అంకుల్,” అన్నాడు ఆ కుర్రాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు.

వాళ్ళు వెళ్ళిపోయారు. వాటా కొన్నాళ్ళు ఖాళీగా ఉంది. ఆ లోటు పూడ్చడానికి పళ్ళాయన దూరపు డాక్టర్ల దగ్గరి పని కూడా ఒప్పుకుని, మెడ ఎత్తకుండా పళ్ళు అరగదీశాడు. అడిగినంత అద్దె ఇస్తానన్నవాడు ఒకే ఒక్కడు వచ్చాడు. పెళ్ళిళ్ళకి బూరా ఊదే బ్యాండు మనిషి. మధ్యాహ్నాలు సాధన చేసేవాడు. మిగతా మూడు వాటాల వాళ్ళూ పళ్ళాయన మీద విరుచుకుపడ్డారు. బ్యాండాయనతో మాట్లాడితే, “ఊదకపోతే అద్దె ఎలా ఇవ్వను సార్, మీరే చెప్పండి,” అన్నాడు. పళ్ళాయన అద్దెకున్న ఇంటివాళ్ళు నచ్చకపోతే ఖాళీ చేయమనేవారు. తను ఆ మాట అనడానికి కూడా లేదు. అద్దెకున్నవాళ్ళ ముఖాలు చూసి, ఎవరు కోపంగా ఉన్నారు, ఎవరు సంతోషంగా ఉన్నారు అని బేరీజు వేసుకుంటూ మెట్లెక్కడం అలవాటైంది.

సరిగ్గా ఆ సమయంలోనే పళ్ళాయన వాళ్ళుంటున్న మేడ పడగొట్టి కొత్తది కడతామని ఇంటివాళ్ళు కబురు పెట్టారు. పళ్ళాయన, భార్య అద్దెగదుల వేటలో పడ్డారు. వెళ్ళిన ప్రతిచోటా మాట కలిసేది, అద్దె కుదిరేది, ఇంతలో ఎవరో చెప్పేవారు, ‘వీళ్ళకి ఏటవాలు వీధిలో నాలుగు వాటాల మేడ ఉందండీ’ అని. దాంతో ఇంటివాళ్ళ చూపు మారిపోయేది.

“అంత మేడ పెట్టుకుని మా గదులెందుకమ్మా? మీ ఇంట్లో ఏమైనా గొడవా?” అని అడిగింది ఒకావిడ.

“లేదండీ, లోను...” అని మొదలుపెట్టింది పళ్ళాయన భార్య. ఆవిడ ముక్కున వేలేసుకుని సగమే వింది. మర్నాడు గదులు వేరేవాళ్ళకి ఇచ్చేశామంది.

ఆ సాయంత్రం ఆమె తమ్ముడికి ఫోను చేసింది. “ఒరేయ్, మేము మా ఇంటికే పోతాంరా. పైన వెనక వాటా వాళ్ళు వచ్చే నెల ఖాళీ చేస్తున్నారు. ఆ అద్దె మేమే కట్టుకుంటాం. నువ్వే కదా ఎవరు చూస్తారులే అన్నావు.”

అతని గొంతులో నవ్వు లేదు. “వద్దక్కా. మొన్న ఒకళ్ళు అలాగే చేశారు. మొత్తం లోను ఒక్కసారిగా కట్టమన్నారు. వాళ్ళిప్పుడు కోర్టు చుట్టూ తిరుగుతున్నారు.”

“ఈ మాట అప్పుడెందుకు చెప్పలేదురా?”

“అప్పుడు నాకూ తెలియదక్కా.”

వాళ్ళు పళ్ళాయన పనిగదికి మారారు. మంచం వాలిస్తే బల్ల దగ్గర కూర్చోవడానికి చోటు లేదు. అందుకని పొద్దున్నే మంచం నిలబెట్టేసేవారు. పౌడరు అన్నంలో పడేది. పళ్ళు అతికే మందు వాసనకి ఆమెకి దగ్గు పట్టుకుంది. అలమర నిండా ఎవరెవరి దవడలో. “వీళ్ళందరి మధ్యా బట్టలు మార్చుకోవాలంటే సిగ్గేస్తోందండీ,” అంది ఒకరోజు. ఇద్దరూ నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగి, ఆమె చాలాసేపు గోడ పట్టుకుని నిలబడింది.

ఆ చలికాలంలో నర్సమ్మ స్నానాలగదిలో జారిపడింది. ఎముక విరగలేదు గానీ నడుము పట్టేసింది. లాండ్రీ నుంచి వస్తూ పళ్ళాయన భార్య వెళ్ళి చూసింది. గది ఊడ్చి, నీళ్ళు కాచి, నడుముకి మందు రాసింది. మర్నాడూ వెళ్ళింది. కొన్నాళ్ళు పోయాక నర్సమ్మ అడిగింది:

“ఆ దగ్గు ఎప్పటి నుంచమ్మాయ్?”

“ఈ మధ్యనేనండీ.”

“నేను నర్సుని, నాకు చెబుతావా. ఎక్కడుంటున్నారు మీరు?”

ఆమె చెప్పింది. అంతా విని నర్సమ్మ కర్రతో నేల మీద ఒకసారి తట్టింది. “నాకు మనిషి కావాలి. నువ్వు ఇక్కడే ఉండు. నెలకింత అని ఇస్తాను. లాండ్రీ మానేయ్, ఆ ఆవిరి నీకు మంచిది కాదు.”

“మేము ఈ ఇంట్లో ఉండకూడదండీ. సంతకం పెట్టాం.”

“నువ్వు కాపురం ఉండటం లేదు. నా దగ్గర పనికి ఉంటున్నావు. నా వాటాలో ఎవర్ని పెట్టుకుంటానన్నది నా ఇష్టం. నీ మొగుడు కాదంటాడా, రమ్మను, నేను మాట్లాడతాను.”

పళ్ళాయన కాదనలేదు. వారం తిరక్కుండానే ఆమె దగ్గు సగం తగ్గింది. ఆయన సాయంత్రాలు చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, ఏటవాలు వీధి ఎక్కి వెళ్ళేవాడు. తలుపు తడితే భార్య తీసేది. ముగ్గురూ కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. వేళ దాటకుండా నర్సమ్మ ఆవులించేది, ఆయన లేచేవాడు. భార్య గుమ్మందాకా వచ్చి సాగనంపేది. “అత్తారింటికి వచ్చిన కొత్త అల్లుడిలా ఉన్నారు,” అనేది. ఆయన నవ్వుతూనే వెళ్ళేవాడు. మలుపు తిరిగాక నవ్వు ఉండేది కాదు.

తనిఖీ మనిషి వచ్చినరోజు ఆయన అక్కడే ఉన్నాడు. యజమాని దగ్గరుండి వాటాలు చూపించాలి. పైన రెండూ, కింద ముందుదీ చూసి నర్సమ్మ వాటాలోకి వచ్చారు. భార్య కింద కూర్చుని నర్సమ్మ నడుముకి గుడ్డ కడుతోంది.

“అద్దె ఒప్పందంలో ఒక్కరే అని ఉంది,” అన్నాడు తనిఖీ మనిషి. “ఈవిడెవరు?”

నర్సమ్మ నోరు తెరిచేలోపే ఆమె చెప్పింది. “నేను ఈవిడ దగ్గర పని చేస్తానండీ.”

“ఇక్కడే ఉంటారా?”

“రాత్రిళ్ళు లేవాలన్నా మనిషి కావాలి కదండీ.”

అతను పళ్ళాయన వైపు తిరిగాడు. “మీకు తెలిసిన మనిషేనా సార్?”

“తెలుసండీ.”

“నమ్మకస్తురాలేనా? ఈ రోజుల్లో ఒంటరి ముసలివాళ్ళ దగ్గర ఎవరెవరో చేరుతున్నారు. యజమానిగా మీరూ ఓ కన్నేసి ఉంచాలి.”

“చాలా ఏళ్ళుగా తెలుసండీ,” అన్నాడు పళ్ళాయన. భార్య తల ఎత్తలేదు. గుడ్డ చివర ముడి వేస్తూనే ఉంది.

ఆ తర్వాత ఆయన అటు వెళ్ళడం మానేశాడు. కొన్నాళ్ళు చూసి ఆమే పనిగదికి వచ్చింది.

“ఎందుకు రావట్లేదు?”

“పనెక్కువగా ఉంది.”

“పని ఎప్పుడు లేదు? చెప్పండి.”

ఆయన చేతిలోది కింద పెట్టాడు. “నువ్వు పనిమనిషివని చెబుతుంటే పక్కన నిలబడి తల ఊపాను.”

“ఉన్నమాటే చెప్పాను. ఆవిడ డబ్బిస్తోంది, నేను చేస్తున్నాను. అందులో నామోషీ ఏముంది?”

“నామోషీ కాదు. నువ్వు నాకేమవుతావో అతను అడిగి ఉంటే, ఏమీ కావనేవాణ్ణి. నోట్లో సిద్ధంగా ఉంది ఆ మాట.”

ఆమె స్టూలు మీది పౌడరు తుడిచి కూర్చుంది. “అమ్మేద్దామా?” అంది.

“అడిగాను మీ తమ్ముణ్ణి. జరిమానా పోగా మనం పెట్టింది కూడా రాదు.”

“అయితే ఉంచుకుందాం. మీరు మాత్రం సాయంత్రాలు రండి. మీరు రాకపోతే నేను నిజంగానే పనిమనిషిలా ఉంటున్నాను.”

మర్నాడు ఆయన చొక్కా మార్చుకుని వెళ్ళాడు.

రెండేళ్ళు అలాగే గడిచాయి. నర్సమ్మకి చూపు మందగించింది. వాళ్ళ అక్క కొడుకు వచ్చి తనతో తీసుకెళ్ళిపోయాడు. సామాన్లు సర్దడం తన వల్ల కాదన్న మనిషి కుర్చీలో కూర్చుని ఏది ఎక్కడ పెట్టాలో చెబుతుంటే, పళ్ళాయన భార్యే అన్నీ సర్దింది. నర్సమ్మ వెళ్ళేటప్పుడు ఆమె బుగ్గ నిమిరి, “నేనున్నంతకాలం నీకో గది ఉంది. ఇక నువ్వు చూసుకోవాలమ్మాయ్,” అంది.

ఆ వాటా చూడ్డానికి వచ్చినవాళ్ళకి తలుపు తీసి చూపించింది కూడా ఆమే. గాలి బాగా వస్తుందండీ, నీళ్ళకి ఇబ్బంది లేదండీ అని చెప్పింది. ఆ చుట్టుపక్కల అద్దెలు పెరిగాయి. కొత్తగా వచ్చిన ఇద్దరు ఉద్యోగస్తులు నర్సమ్మ ఇచ్చినదానికి దాదాపు రెట్టింపు ఇస్తామన్నారు. పళ్ళాయన, భార్య సైకిలు షాపు మీద ఒక గది అద్దెకి తీసుకున్నారు. ఆ షాపాయన వాళ్ళకి మేడ ఉందా, మాళిగ ఉందా అని అడగలేదు. రోజంతా కింద చక్రాల చప్పుడు తప్ప అక్కడ ఇబ్బందేమీ లేదు.

ఆ ఏడు లోను ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఏం ముంచుకొచ్చిందోనని ఇద్దరూ వెళ్ళారు. అదే ఆఫీసరమ్మాయి లేచి నిలబడి కుర్చీలు చూపించింది. పక్కనే బావమరిది, ముఖం వెలిగిపోతూ.

“మీ ఇంటి లెక్క చాలా బాగుంది సార్. అద్దెలు వాయిదాకి ఒకటిన్నర రెట్లు దాటాయి. దీని మీద మీరు ఇంకో ఇల్లు తీసుకోవచ్చు. మీ ఆదాయం మేము చూడం.”

“బావా, మంచి మేడ ఒకటుంది. ఆరు వాటాలు,” అన్నాడు బావమరిది.

పళ్ళాయన భార్య వైపు చూశాడు. ఆమె ఆఫీసరమ్మాయిని నెమ్మదిగా అడిగింది. “దాంట్లో ఉండొచ్చామ్మా?”

ఆ అమ్మాయి కాగితం వైపు చూసింది, తర్వాత ఆమె వైపు చూసింది. “ఉండకూడదండీ.”

“సరే,” అని ఆమె లేచింది. బయటికి వచ్చాక మెట్ల మీద నిలబడి నవ్వడం మొదలుపెట్టింది. పళ్ళాయనకీ నవ్వొచ్చింది. వెనకాలే వచ్చిన బావమరిది ఇద్దర్నీ చూసి, తన మీద కోపం లేదనుకుని తేలికపడ్డాడు.

జరిమానా గడువు దాటిపోయింది. అమ్మే మాట అప్పుడప్పుడు వస్తుంది. అమ్మితే వచ్చేదానితో ఈ ఊళ్ళో చిన్న ఇల్లు కూడా రాదు. అమ్మకపోతే లోను తీరేనాటికి పళ్ళాయనకి డెబ్భై దాటతాయి. “అప్పటికి మీ పళ్ళ సెట్టు మీరే చేసుకోవాలి,” అంటుంది భార్య.

మొన్న ఆదివారం కింది వాటా వాళ్ళు ఫోను చేశారు. కుళాయి కారుతోందట. ఆయన సంచీలో పానా, కొత్త వాషర్లు వేసుకుని బయల్దేరాడు. “ఉండండి, నేనూ వస్తాను,” అని ఆమె చెప్పులు తొడుక్కుంది. ఇద్దరూ ఏటవాలు వీధి ఎక్కారు. పైన బ్యాండాయన సాధన చేస్తున్నాడు. ఇప్పుడు కాస్త బాగానే ఊదుతున్నాడు. గేటు లోపల గడియ వేసి ఉంది. ఆయన బయటి నుంచే చెయ్యి పెట్టి తీయగలడు. తీయలేదు. గంట నొక్కి, లోపలివాళ్ళు వచ్చేదాకా ఇద్దరూ గోడ నీడన నిలబడ్డారు.